ఏనుగు తొక్కిన గీత

ఏటా చెనిక్కాయలు పెరికినాక
కుప్పం దాటి, రైలుకట్ట పక్కన బీడులో
మూడు రాష్ట్రాల ఆట.
కోలారు జట్టు పొద్దున్నే ప్యాసింజర్లో దిగతాది,
కృష్ణగిరోళ్ళు టెంపో నిండా పాడుకుంటా వస్తారు,
మనోళ్ళు సైకిళ్ళ మీద,
పాలు పిండిన చేతులు ఇంకా ఆరకుండానే.

రగ్బీ అనేదానికి మొదట్లో ఎవురికీ నోరు తిరగలేదు.
కోడిగుడ్డు బంతి అనేవాళ్ళు.
"ముందుకు పోవాలంటే వెనక్కి ఇయ్యాల్నా?
ఇదేం ఆట్రా" అని మాయమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకోని నవ్వింది.
పక్కకు పదముగ్గురు.
పట్టి పడేస్తే లేచి, మడమతో బంతిని వెనక్కి దొర్లించాల.
ఆరుసార్లు పట్టుబడితే బంతి అవతలోళ్ళది.
కబడ్డీ ఆడిన ఊరికి
అంతకు మించి చెప్పే పని పడలేదు.

నా పని సున్నం.
నూనె డబ్బా అడుగున మేకుతో బొక్కలు కొట్టి
పురికొస ఎంబడి రాల్చుకుంటా పోయేది.
గీసేది నేనే,
ఆ గీత కాడ జెండా పట్టుకోని నిలబడేదీ నేనే.
ఇరవై రెండేళ్ళు.

ఆ యేడు ఆటకు ముందు రాత్రి ఏనుగులొచ్చినాయి.
గున్నతో కలిపి అయిదంట,
వేపనపల్లి చెరుకు తిని మా రాగుల్లోకి దిగినాయి.
తెల్లారి చూస్తే
నీలగిరి కొయ్య ఒకటి రెండు ముక్కలు,
ఎడమ గీత మీద
తాంబాళం అంత అడుగు.
మన్ను పోసినా, కాలితో అదిమినా,
పురికొస ఇంట్లో మర్చిపోయినా,
కంటి కొలతతో ఒక జానెడు కలిపినా.

కృష్ణగిరిలో పదకొండో నంబరు మా అక్క కొడుకు.
బళ్ళో రాసుకున్న పేరు సెంగుట్టువన్,
మా అక్క పిలిచేది చెంగా.
అరవంలో తిట్టి తెలుగులో ఏడ్చే పిల్లోడు.

రెండు నిమిషాలుండాది. మాకు పన్నెండు, వాళ్ళకు పది.
బంతి చేతులు మారి మారి మారి
ఎడమ అంచుకొచ్చింది.
చెంగా.
మునివేలు కాళ్ళకు అడ్డం పడినాడు, దాటేసినాడు,
ఇంకొకడు అంగీ పట్టుకున్నాడు, అంగీ చినిగింది,
మూల మీద బంతితో సహా పడినాడు
దుమ్ములో, రొమ్ము కింద బంతి,
టెంపో పైనున్నోళ్ళు అప్పుడే ఎగరతా ఉండారు.

సున్నం లేచింది నేను చూసినా.
సరిగ్గా ఆ జానెడు కాడ.

జెండా ఎత్తినా.

వాడు మామా అనలేదు,
అన్యాయమనీ అనలేదు.
పడుకోనే నా మొగం కేసి చూసినాడంతే,
పోయిన సంకురేతిరికి పదో తరగతి మార్కులు చెప్పేప్పుడు
మాయక్క మొగంలోకి చూసినట్ల.

సాయంత్రం మా ఇంట్లోనే సంగటి.
తొట్టి కాడ కాళ్ళు కడుక్కుంటా ఉంటే
కుడి మడమ తెల్లంగానే ఉండాది,
రాయితో రుద్దినా పోలేదు.
ఊరిబిండి అద్దుకుంటా అన్నాడు,
"గీత వంకర మామా."
"పోయి ఏనుగునడుగు" అన్నా.
ముద్ద గొంతులో అడ్డంపడి దగ్గినాడు,
నవ్వో ఏమో,
నీళ్ళు నేనే ఇచ్చినా.

వాడు నిద్రపోయినాక
బ్యాటరీ లైటూ పురికొసా తీసుకోని పోయినా.
ఈ మూల మేకు, ఆ మూల మేకు,
బిగించి లాగి, మోకాళ్ళ మీద కూర్చోని చూస్తే
నాలుగు వేళ్ళు తేడా.
ఎటుపక్కకో
ఇంతవరకు ఎవురికీ చెప్పలేదు.

అడివి దిక్కున ఎవురో
టపాకాయలు కాలస్తా ఉండారు, డబ్బాలు కొడతా ఉండారు.
పురికొస చుట్టి జేబులో పెట్టుకున్నా.